వేలికొసన సూళ్లూరుపేట
పులికాట్ ఒడ్డున చరిత్ర – 14

గత వారం శ్రీహరికోటకు రాకెట్లు ఎలా వచ్చాయో చెప్పుకున్నాం. 1969లో దీవిని ఎంచుకోవడం, 1971 అక్టోబర్ 9న రోహిణి-125 అనే చిన్న రాకెట్ అక్కడి నుంచి పైకి లేవడం, ఆ దీవికి వెళ్లే దారి మొదట్లో ఉన్నందువల్ల సూళ్లూరుపేట పేరు దేశమంతటా వినబడడం దాకా వచ్చాం. అలా ఆకాశంలోకి వెళ్లినవి నేల మీద నడిచే మనిషికి, అందులోనూ చూపు లేని మనిషికి ఏ మేరకు పనికొచ్చాయన్నది ఈ వారం సంగతి. ఆ కథ మొదలయ్యేది రాకెట్ దగ్గర కాదు, కాగితం మీద పొడిచిన చుక్క దగ్గర.

సూళ్లూరుపేట అన్న పేరును బ్రెయిలీలో రాస్తే పదకొండు గడులు పడతాయి. ఒక్కో గడిలో ఆరు చుక్కలకు చోటు: ఎడమ వరుసలో పైనుంచి కిందికి 1, 2, 3, కుడి వరుసలో 4, 5, 6. మొదటి గడి ‘స’, అందులో లేచేవి 2, 3, 4 చుక్కలు. రెండో గడి ‘ఊ’, అందులో 1, 2, 5, 6. ‘సూ’ అనడానికి కొమ్ముదీర్ఘం తగిలించే పని లేదు, స పక్కన ఊ వచ్చి కూర్చుంటుంది. మూడో గడిలో ఒకే ఒక్క చుక్క, నాలుగోది. రాబోయే హల్లును దాని తర్వాతి హల్లుతో కలిపి చదవమని ముందుగానే హెచ్చరించే గుర్తు అది. ఆ వెంట ళ, ల, ఊ, ర, ఉ, ప, ఏ, ట. పేరు పూర్తయింది. కిందికి దిగే వత్తులు లేవు, పైకెక్కే గుడులు లేవు, తలకట్టు లేదు. తెలుగు బడిలో పిల్లలు నెలల తరబడి దిద్దే గుణింతమంతా ఇక్కడ అచ్చులూ హల్లులూ ఒకే వరుసలో నడిచే నడకగా మారిపోతుంది.

సూళ్లూరుపేటలాంటి సరిహద్దు ఊరికి ఈ లిపిలో ఇంకో లాభం ఉంది. తడ దాటితే ఆరంబాక్కం, అక్కడి నుంచి తమిళనాడు. రెండు భాషలూ చెవిన పడుతూ పిల్లలు పెరిగే చోటు ఇది. కళ్లతో చదివే పిల్లవాడు తెలుగు నేర్చాక తమిళం చదవాలంటే అక్షరాలు మళ్లీ మొదటి నుంచి దిద్దాలి. వేలితో చదివే పిల్లకు ఆ శ్రమ చాలావరకు లేదు. తెలుగు కకారానికీ, తమిళ కకారానికీ, హిందీ కకారానికీ, ఇంగ్లీషు కే అక్షరానికీ చుక్కలు అవే: 1, 3. ల, మ, న, ప, ర, స కూడా అంతే. హిందీకి అక్కరలేని హ్రస్వాలు ఎ, ఒ దక్షిణాది భాషల్లో ఉన్నాయి గనుక వాటికి ఈ భాషలన్నీ ఒకే గడులు వాడుకుంటున్నాయి. భాషలు వేరైనా వేలికి తెలిసిన దారి ఒకటే. ఇలాంటి ఏర్పాటు దానంతట అది కుదరలేదు. దాని వెనక అరవై ఏళ్ల పెనుగులాట ఉంది.

లూయీ బ్రెయిలీ కథ మన పాఠ్యపుస్తకాల్లో ఉన్నదే, క్లుప్తంగా చాలు. 1809లో పారిస్ దగ్గరి కూవ్రే అనే పల్లెలో పుట్టాడు. తండ్రి గుర్రపు జీనులు కుట్టేవాడు. మూడేళ్ల వయసులో తోలుకు చిల్లులు పొడిచే పనిముట్టు కంట్లో గుచ్చుకుంది, ఆ పుండు రెండో కంటికీ పాకింది. పారిస్‌లోని అంధుల బడిలో ఉండగా షార్ల్ బార్బియే తయారుచేసిన పన్నెండు చుక్కల లిపి అతనికి పరిచయమైంది. పన్నెండు చుక్కలు వేలి కొసకు ఒక్కసారిగా అందవు. పదిహేనేళ్ల కుర్రవాడు దాన్ని ఆరుకు కుదించాడు. 1824 నాటికి లిపి సిద్ధమైంది, 1829లో అచ్చయింది. అతను చదివి, పాఠాలు చెప్పిన బడే దాన్ని అధికారికంగా ఒప్పుకున్నది 1854లో, అతను చనిపోయిన రెండేళ్లకు. ఈ ఆలస్యాన్ని గుర్తుపెట్టుకోవాలి. వాడేవాళ్లు ఎప్పుడో ఒప్పుకున్నదాన్ని నడిపేవాళ్లు చాలా ఆలస్యంగా ఒప్పుకోవడం ఈ చరిత్రలో పదేపదే జరిగింది.

మన దేశంలో మొదటి అంధుల పాఠశాల 1887లో అమృత్‌సర్‌లో యానీ షార్ప్ పెట్టింది. 1890లో పాళయంకోటలో ఆస్క్‌విత్, 1897లో కలకత్తాలో లాల్ బిహారీ షా బడులు తెరిచారు. మంచి మనుషులు, మంచి పని. కానీ ఎవరి భాషకు తగ్గట్టు వాళ్లు ఎవరికి వాళ్లే చుక్కలు కేటాయించుకున్నారు. ఒక బడిలో నేర్చిన చదువు ఇంకో బడి పుస్తకం మీద చెల్లదు. అచ్చువేసే పుస్తకం అరకొర, దాన్ని చదవగలిగేవాళ్లు మరీ కొద్దిమంది. దేశమంతటికీ ఒకే లిపి కావాలని 1940ల్లో ఒక కమిటీ కూర్చుని ఏకరూప భారతీయ బ్రెయిలీ అని ఒకటి తయారుచేసింది. అది భారతీయ వర్ణమాల తర్కాన్ని పట్టుకుని, ప్రపంచంలో అప్పటికే నడుస్తున్న బ్రెయిలీ ధ్వనులను వదిలేసింది. చూపు లేని చదువరులే దానికి అడ్డు చెప్పారు. ఇంగ్లీషు కూడా చదవాల్సిన మనిషికి ఒకే గడి రెండు చోట్ల రెండు ధ్వనులు పలికితే ఎంత కష్టమో వాళ్లకు తెలుసు.

ఇక్కడ క్లూతా మెకెంజీ అనే న్యూజీలాండ్ మనిషి వస్తాడు. 1915లో గాలిపొలీ యుద్ధంలో రెండు కళ్లూ పోగొట్టుకున్నాడు. రెండో ప్రపంచయుద్ధంలో చూపు పోయిన భారతీయ సైనికుల కోసం 1943లో డెహ్రాడూన్‌లో తెరిచిన సెయింట్ డన్‌స్టన్ వసతిగృహాన్ని నడిపింది ఆయనే. మన దేశంలో అంధత్వం మీద 1944లో వెలువడిన నివేదిక వెనక ఉన్నదీ ఆయనే. 1949లో భారత ప్రభుత్వం ఈ లిపి చిక్కును యునెస్కో ముందు పెట్టినప్పుడు, దాన్ని విప్పే పని యునెస్కో మెకెంజీకే అప్పగించింది. 1951 ఫిబ్రవరిలో బేరూత్‌లో ఆసియా దేశాల ప్రతినిధులు కూర్చున్నారు. ఒప్పుకున్న సూత్రం సులువైనది: ఏ భాషైనా సరే, ధ్వని కలిసిన చోట చుక్కలు కలవాలి, కలవని ధ్వనులకు మాత్రమే మిగిలిన గడులు వాడుకోవాలి. ఆరు చుక్కలతో అరవైమూడు రూపాలకు మించి రావు. తెలుగు అక్షరాలు, అంకెలు, విరామ చిహ్నాలు అన్నీ అందులోనే ఇమడాలి. ఆ సూత్రం మీద నిలిచిన భారతి బ్రెయిలీని 1951 ఏప్రిల్‌లో దేశం స్వీకరించింది. తెలుగు బ్రెయిలీ అందులో ఒక శాఖ. బేరూత్‌లో కూర్చున్నవాళ్లలో చూపున్న పండితులూ ఉన్నారు. కానీ ఆ సూత్రం నిలబడింది వేలితో చదివే మనిషి అవసరం దాని కేంద్రంలో ఉండడం వల్లనేనని నేను నమ్ముతాను.

లిపి ఉంటే చాలదు, రాయడానికి పనిముట్టు ఉండాలి. మన బడుల్లో ఇప్పటికీ ఎక్కువగా కనిపించేది బ్రెయిలీ స్లేట్, స్టైలస్. గడులున్న పట్టీ కింద దళసరి కాగితం పెట్టి, మొనతో వెనకనుంచి పొడుస్తారు. చుక్క రెండో వైపు లేస్తుంది. అందుకని కుడి నుంచి ఎడమకు, అద్దంలో కనిపించినట్టు తిప్పి రాయాలి. తిరగేసి ఎడమ నుంచి కుడికి చదవాలి. ఒకే అక్షరానికి రాత ఒక రూపం, చదువు దాని ప్రతిబింబం. ఆరేడేళ్ల పిల్లలు దీన్ని సునాయాసంగా చేస్తారు. లెక్కలకు టేలర్ ఫ్రేమ్ అని ఎనిమిది కోణాల రంధ్రాల పలక ఉంది. చిన్న లోహపు దిమ్మెను ఏ దిక్కుకు తిప్పి గుచ్చితే ఆ అంకె.

తాను రాసింది తానే అక్కడికక్కడ చదువుకునే వీలు ఇచ్చింది మాత్రం పర్కిన్స్ బ్రెయిలర్. అమెరికాలోని వాటర్‌టౌన్‌లో పర్కిన్స్ అంధుల పాఠశాలలో చెక్కపని నేర్పే డేవిడ్ అబ్రహాం దీన్ని రూపొందించాడు. యుద్ధం వల్ల తయారీ ఆగి 1951లో బయటికొచ్చింది. భారతి బ్రెయిలీ పుట్టిన సంవత్సరమే అది. ఆరు చుక్కలకు ఆరు మీటలు, మధ్యలో ఖాళీ వదలడానికి ఒకటి. ఎన్ని చుక్కలు కావాలంటే అన్ని మీటలు ఒకేసారి నొక్కితే గడి మొత్తం ఒక్క దెబ్బతో లేస్తుంది. దాదాపు ఐదు కిలోల బరువు. మోయడం కష్టమే, చెడిపోవడం మాత్రం అరుదు.

ఈ యంత్రానికి మన ప్రాంతంతో ఉన్న బంధుత్వం చాలామందికి తెలియదు. చిత్తూరు నుంచి దక్షిణంగా వెళ్తే వచ్చే కాట్పాడిలో వర్త్ ట్రస్ట్ అనే సంస్థ ఉంది. అమెరికా బయట పర్కిన్స్ బ్రెయిలర్లు తయారయ్యే చోటు అది. 1963లో స్వీడన్ రెడ్‌క్రాస్ వాళ్లు కుష్ఠు నయమైన రోగులకు పని కల్పించడానికి పెట్టిన కార్ఖానా నుంచి పుట్టిన సంస్థ. వ్యాధి తగ్గినా ఊళ్లోకి రానివ్వని రోజులవి. కుష్ఠు వేళ్లలోని స్పర్శను దెబ్బతీస్తుంది. వేళ్ల స్పర్శ పోయినవాళ్ల బతుకుతెరువు కోసం మొదలైన చోట, వేళ్ల స్పర్శతోనే చదివేవాళ్ల యంత్రం తయారవుతోంది. చిత్తూరు, వేలూరు కలిసి ఉత్తర ఆర్కాటు జిల్లాగా ఉన్న రోజుల నుంచి ఈ రెండు ఊళ్లది ఒకే నేల. మన జిల్లాల చరిత్ర రాసేవాళ్లు కోటలకిచ్చిన పేజీల్లో ఒక్కటైనా ఈ కార్ఖానాకు ఇవ్వాలి.

ఈ పరికరాల చరిత్రను దయగలవారి ఉపకారాల చరిత్రగా రాయడం మనకు అలవాటైపోయింది. నాకు ఇది మధ్యలో నిలబడే మనిషి అవసరాన్ని ఒక్కొక్కటిగా తప్పించుకుంటూ వచ్చిన చరిత్రగా కనిపిస్తుంది. ఉత్తరం ఎవరో చదివిపెట్టాలి, నోటు ఎవరో గుర్తుపట్టి చెప్పాలి, దారి ఎవరో చూపించాలి, ఓటు ఎవరో వేసిపెట్టాలి. ఆ ఎవరో ఎంత ప్రేమగల మనిషైనా, ఆ ఉత్తరంలో ఇక గుట్టు ఉండదు.

ఓటు సంగతే తీసుకోండి. రహస్య ఓటింగ్ అనేది చూపు లేనివారికి ఎన్నో దశాబ్దాలు కాగితం మీదే ఉండిపోయింది. పద్దెనిమిదేళ్లు నిండిన తోడు ఒకరు లోపలికి వచ్చి మీట నొక్కుతారు. ఆ తోడు రహస్యం కాపాడతానని రాసివ్వాలి, ఒకే రోజున ఇంకొకరికి తోడుగా రాకూడదు. నిబంధన మంచిదే. కానీ తండ్రి తోడొస్తే కొడుకు ఎవరికి వేశాడో తండ్రికి తెలుస్తుంది, ఊరి నాయకుడి మనిషి తోడొస్తే ఊరికంతటికీ తెలుస్తుంది. మీట నొక్కింది చెప్పిన గుర్తుకేనా అన్నది నమ్మకం మీద వదిలేయాల్సిందే.

దీనికి జవాబు మొదట దొరికింది తెలుగు నేల మీదే. 2004లో హైదరాబాద్‌లోని ఆసిఫ్‌నగర్ అసెంబ్లీ ఉప ఎన్నికలో ఎన్నికల సంఘం తొలిసారి ఓటింగ్ యంత్రం మీద బ్రెయిలీ అంకెలు పెట్టి చూసింది. దేశంలో ఈ యంత్రాలు తయారుచేసే రెండు సంస్థల్లో ఒకటైన ఈసీఐఎల్ ఉన్నదీ ఆ నగరంలోనే. ఆ తర్వాతి ఏడాదుల్లో ఇతర రాష్ట్రాల్లో ప్రయత్నించి, 2009 సాధారణ ఎన్నికల నాటికి దేశమంతటా అమలుచేశారు. పునర్విభజనలో ఆసిఫ్‌నగర్ నియోజకవర్గం కనుమరుగైంది గానీ, అక్కడ మొదలైన చుక్కలు సూళ్లూరుపేట పోలింగ్ కేంద్రాల దాకా వచ్చాయి.

పద్ధతి ఇదీ. యంత్రంలో నీలి మీటల పక్కన 1 నుంచి 16 దాకా బ్రెయిలీ అంకెలు లేచి ఉంటాయి. అభ్యర్థుల పేర్లు అక్కడ పట్టవు. అందుకని వరుస సంఖ్యలతో పేర్లున్న బ్రెయిలీ పత్రాన్ని ఓటరు చేతికి ఇస్తారు. తనకు కావలసిన పేరు ఎన్నో నంబరో వేలితో చదువుకుని, లోపలికెళ్లి ఆ నంబరు మీట వెతికి నొక్కుతారు. బీప్ శబ్దం వినిపిస్తే ఓటు పడినట్టు. రాజ్యాంగం ఇచ్చిన మాటను ఈ మాత్రం చుక్కలు నిలబెట్టాయి.

అయితే కథ అక్కడితో సాఫీగా సాగలేదు. 2019 ఎన్నికల్లో దేశమంతటా వీవీప్యాట్ వచ్చింది. ఓటు ఎవరికి పడిందో చూపించే చీటీ అద్దం వెనక ఏడు సెకన్లు కనిపించి లోపల పడిపోతుంది. ఓటరుకు భరోసా ఇవ్వడానికే అది. చూపు లేని ఓటరుకు ఆ ఏడు సెకన్లూ నిశ్శబ్దమే. చీటీలోని పేరును చెవిలో పలికే ఏర్పాటు సాంకేతికంగా అసాధ్యమేమీ కాదు. ముందొచ్చిన యంత్రానికి చుక్కలు జోడించి, దాని పక్కకు చేరిన యంత్రాన్ని కళ్లున్నవారికే తయారుచేయడం వెనకడుగు. మళ్లీ ఒక తోడు అవసరమైంది.

నోట్ల విషయంలోనూ ఇలాగే జరిగింది. పాత మహాత్మాగాంధీ సిరీస్ నోట్ల మీద చేతికి తగిలే గుర్తులుండేవి: ఇరవైకి నిలువు దీర్ఘచతురస్రం, యాభైకి చతురస్రం, వందకు త్రిభుజం, ఐదువందలకు వృత్తం. 2016 తర్వాతి కొత్త సిరీస్‌లో గుర్తులు వందకూ ఆ పైవాటికీ మిగిలాయి, అంచున గీతలూ చేరాయి. పది, ఇరవై, యాభైకి లేవు. కూరగాయల కొట్లో, బస్సులో, టీ దగ్గర చేతులు మారేవి అవే. వందకూ రెండువందలకూ పొడవులో తేడా నాలుగు మిల్లీమీటర్లు. వాడిన కొద్దీ ఉబ్బెత్తు గుర్తు అరిగిపోతుంది. 2020 జనవరిలో రిజర్వ్ బ్యాంకు మణి అనే యాప్ ఇచ్చింది, కెమెరా ముందు నోటు పెడితే విలువ చెబుతుంది. ఉపయోగమే. అయినా సంతలో నిలబడి ఒక చేత్తో సంచీ, ఒక చేత్తో కర్ర పట్టుకున్న మనిషికి నోటును ఫోనుకు చూపించడానికి మూడో చెయ్యి లేదు.

కర్ర దగ్గరికి వచ్చాం. చేతికర్ర ఎంత పాతదో ఎవరూ చెప్పలేరు. తెల్లకర్రకు మాత్రం తేదీ ఉంది. 1921లో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో జేమ్స్ బిగ్స్ అనే ఫొటోగ్రాఫర్, ప్రమాదంలో చూపు పోయాక, బండ్లవాళ్లకు కనబడాలని తన కర్రకు తెల్లరంగు వేసుకున్నాడు. కర్రను గుర్తుగా కాక కళ్లుగా మార్చింది రిచర్డ్ హూవర్. 1944లో అమెరికా సైనిక ఆసుపత్రిలో చూపు పోయిన సైనికులకు పొడవాటి కర్రను అడుగు వెంట అడుగుగా ఎడమకూ కుడికీ ఊపుతూ నడిచే పద్ధతి నేర్పాడు. ఇవాళ ప్రపంచమంతా నేర్పేది దాదాపు అదే.

ఆ కర్ర నేల మీదున్నదాన్నే చెబుతుంది. మోకాలికి పైన, తలకు ఎదురుగా ఉన్నదాన్ని చెప్పదు. వంగిన చెట్టుకొమ్మ, నిలిపి ఉంచిన లారీ వెనక భాగం, కొట్టు ముందు తెరిచి వదిలేసిన రేకు తలుపు ముఖానికి తగిలేవి. ఈ బాధ వాడేవాళ్ల నోట విని ఢిల్లీ ఐఐటీలో ఆచార్య బాలకృష్ణన్ బృందం 2005 నుంచి పనిచేసింది. సక్షమ్ ట్రస్ట్ పరీక్షలకు తోడైంది. తయారీ బాధ్యత తీసుకున్నది చెన్నైలోని ఫీనిక్స్ మెడికల్ సిస్టమ్స్. సూళ్లూరుపేటకు దక్షిణంగా దాదాపు 80 కిలోమీటర్ల దూరం, లోకల్ రైలు నడిచే దారి. 2014లో స్మార్ట్‌కేన్ విడుదలైంది. మామూలు తెల్లకర్ర పిడికి తొడిగే పరికరం అది. గబ్బిలంలాగా మనిషి చెవికి అందని శబ్దాన్ని ముందుకు పంపి, తిరిగొచ్చే సమయాన్ని బట్టి అడ్డు ఎంత దూరంలో ఉందో లెక్కగడుతుంది. మూడు మీటర్ల దాకా పసిగట్టి, పిడిని వణికించి చెబుతుంది. దగ్గరైన కొద్దీ వణుకు తీరు మారుతుంది. విదేశీ పరికరాలు పదుల వేలల్లో ఉన్న కాలంలో దీన్ని దాదాపు 3,000 రూపాయలకు తేవడమే ఆ బృందం సాధించిన అసలు విజయమని నా అభిప్రాయం. కొనలేని పరికరం ఎంత తెలివైనదైనా చరిత్రలో చోటు సంపాదించుకోదు.

అడ్డు తెలిసింది. మరి ఎక్కడున్నానో, ఎటు వెళ్లాలో? అది ఆకాశం చెప్పాలి. 1985లోనే కాలిఫోర్నియాలోని సాంటా బార్బరా విశ్వవిద్యాలయంలో జాక్ లూమిస్ ఉపగ్రహాల సాయంతో చూపు లేనివారికి దారి చెప్పే యంత్రం గురించి ఆలోచించాడు. అతనితో కలిసిన భూగోళ శాస్త్రవేత్త రెజినాల్డ్ గొలెడ్జ్‌కు అంతకు ఏడాది ముందే చూపు పోయింది. వాళ్ల తొలి నమూనా వీపున మోసుకెళ్లాల్సినంత పెద్దది. పైగా అప్పట్లో జీపీఎస్ సంకేతాన్ని అమెరికా సైన్యం పౌరులకు కావాలనే మసకచేసి ఇచ్చేది, వంద మీటర్ల తేడా రావచ్చు. 2000 మే 2 నుంచి ఆ మసక తీసేశారు.

మన శ్రీహరికోట ఈ కథలోకి వచ్చేది 2013 జూలై 1 రాత్రి. పీఎస్‌ఎల్‌వీ-సీ22 మన దేశపు తొలి దారిచూపే ఉపగ్రహం ఐఆర్‌ఎన్‌ఎస్‌ఎస్-1ఏను పైకి తీసుకెళ్లింది. 2016 ఏప్రిల్ 28న ఏడోది వెళ్లాక ఆ వ్యవస్థకు నావిక్ అని పేరు పెట్టారు. కొన్ని ఉపగ్రహాల్లో విదేశీ అణుగడియారాలు మొరాయించాయి. సమయాన్ని అతి కచ్చితంగా కొలవలేని ఉపగ్రహం దూరాన్ని చెప్పలేదు. 2023 మే 29న ఎగిరిన ఎన్‌వీఎస్-01లో సొంతంగా తయారుచేసిన రుబీడియం గడియారం పెట్టారు, మామూలు ఫోన్లు సులువుగా అందుకునే ఎల్1 సంకేతాన్నీ చేర్చారు. 2025 జనవరి 29న శ్రీహరికోట నుంచి వందో ప్రయోగంగా వెళ్లిన ఎన్‌వీఎస్-02 మాత్రం ఒక వాల్వు తెరుచుకోక చేరాల్సిన కక్ష్యకు చేరలేదు. ఇది వ్యాపారానికీ రక్షణకూ సంబంధించిన నష్టంగానే పత్రికలు రాశాయి. ఫోను చెప్పే దారిని నమ్ముకుని ఒంటరిగా నడిచేవారికీ అందులో వాటా ఉంది.

చేతిలోని ఫోను నాలుగైదు మీటర్ల తేడాతో చోటు చెప్పగలదు. కారు నడిపేవారికి అది చాలు, మిగిలింది కళ్లు చూసుకుంటాయి. చూపు లేనివారికి ఆ నాలుగైదు మీటర్లే అసలు దారి. బస్టాండ్ వచ్చిందని ఫోను చెబుతుంది. గేటు ఎడమకో కుడికో, మధ్యలో మురికికాలువ ఉందో లేదో చెప్పదు. ఆ కొరతను తీర్చడానికి 1967లోనే జపాన్‌లోని ఒకయామాలో సెయిచి మియాకే పాదానికి తగిలే పలకలు పరిచాడు. మన రైల్వే ప్లాట్‌ఫారాల మీద కనిపించే పసుపు రంగు గీతల పలకలు ఆ వంశానివే. వాటి మీద సామాన్లు పేర్చడం, బండ్లు నిలపడం ఆపితే చాలు, ఉపగ్రహం వదిలేసిన ఆ కొద్దిపాటి దూరం చాలావరకు నడిచేయవచ్చు. అందుకు ఏ రాకెట్టూ అక్కర్లేదు, స్టేషన్ మాస్టరూ మునిసిపల్ అధికారీ తలుచుకుంటే అయ్యే పని.

వచ్చే వారం పుస్తకం దగ్గరికి వెళ్దాం. తెలుగు లిపికి 1991లోనే యూనికోడ్‌లో చోటు దొరికినా, మన అచ్చు ప్రపంచం ఎక్కువకాలం వాడిన పాత ఫాంట్లను కంప్యూటర్ గొంతు ఎందుకు చదవలేకపోతుందో, చూపు లేనివారికి పుస్తకాలు అందించే మరకేష్ ఒప్పందాన్ని 2014 జూన్‌లో ప్రపంచంలో అందరికంటే ముందు ఆమోదించిన మన దేశంలో ఒక తెలుగు నవల వేలికీ చెవికీ చేరడానికి ఏం అడ్డుపడుతోందో అప్పుడు చెప్పుకుందాం.